గెలాక్సీల చిన్న గుంపును ఇంట్లో కూర్చుని తూకం వేయడం ఎలా?

నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు. "డార్క్ మ్యాటర్ ఉందంటారు కదా, మనంతట మనం తేల్చుకునే దారి ఏమైనా ఉందా? ఎంత పెద్ద టెలిస్కోప్ కొనాలి?" నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం షో చూసి బయటికొచ్చిన ఇంటర్ పిల్లలూ అడుగుతారు, మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఇంజనీర్లూ అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

టెలిస్కోప్ కొనక్కర్లేదు. హైదరాబాద్ ఆకాశంలో అది పెద్దగా పనికి రాదు కూడా. కావలసింది ఎక్సెల్ వాడటం వచ్చిన మనిషి. అమీర్‌పేటలో మూడు వారాల కోర్సు చేసినవాళ్ళకు ఇందులో కష్టమేమీ ఉండదు.

మొత్తం పని వెనక ఆలోచన ఒక్కటే. గుంపులోని గెలాక్సీలు ఎంత వేగంగా కదులుతున్నాయో చూస్తే, అవి చెల్లాచెదురు కాకుండా పట్టి ఉంచడానికి ఎంత ద్రవ్యరాశి కావాలో తెలుస్తుంది. ఆ గెలాక్సీల వెలుగు చూస్తే నక్షత్రాల రూపంలో ఎంత ఉందో తెలుస్తుంది. రెండింటికీ తేడా భారీగా వస్తే, కనిపించనిది ఏదో అక్కడ ఉన్నట్టు. డార్క్ మ్యాటర్ అంటే అలా వెలుగు లేకుండా బరువు మాత్రం చూపించే పదార్థం. ఫ్రిట్జ్ జ్వికీ 1933లో కోమా క్లస్టర్ మీద ఈ లెక్కే వేశాడు. అందులో గెలాక్సీలు వందల్లో ఉంటాయి. మనం వేసేది నాలుగైదు గెలాక్సీల గుంపు మీద. డేటా తక్కువ కాబట్టి ఒక సాయంత్రంలో పని అయిపోతుంది. డేటా తక్కువ కాబట్టే మోసపోవడమూ తేలిక. ఈ వ్యాసంలో సగం ఆ మోసాల గురించే.

ఏమేం కావాలి

ఒక ల్యాప్‌టాప్, నెట్ కనెక్షన్, ఎక్సెల్ గానీ లిబ్రే ఆఫీస్ గానీ, ఒక నోటు పుస్తకం. వీటితోపాటు రెండు ఉచిత సేవలు. ఒకటి నెడ్: గెలాక్సీల పేర్లు, స్థానాలు, వేగాలు, ప్రకాశాలు అన్నీ ఒకేచోట దొరికే డేటాబేస్. అమెరికాలో నాసా, ఐప్యాక్ కలిసి నడుపుతాయి. రెండోది అలాదిన్ లైట్: బ్రౌజర్‌లోనే ఆకాశం ఫొటోలు చూపించే సాఫ్ట్‌వేర్. ఇది ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్ వాళ్ళది. పేరు చూసి మన ఉస్మానియా ప్రొఫెసర్ సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ గారి జ్ఞాపకార్థం పెట్టారా అని ఒకాయన అడిగాడు. కాదు, పేరు అలా కలిసిందంతే. కానీ ఆ పెద్దాయన జీవితమంతా పని చేసింది గెలాక్సీలు ఒకదాన్నొకటి ఢీకొంటే ఏమవుతుందన్న దాని మీదే. 1965లోనే దానిపై పరిశోధనా పత్రం ప్రచురించారు. మన ఊరికి ఈ లెక్కలు కొత్త కాదు.

నోటు పుస్తకం ఎందుకని అడగకండి. ఏ అంకె ఎక్కడి నుంచి తెచ్చారో రాసుకోకపోతే వారం తర్వాత మీ లెక్క మీకే అర్థం కాదు.

1. గుంపును ఎంచుకోండి

కెనడా ఖగోళవేత్త పాల్ హిక్సన్ 1982లో 100 చిక్కటి గుంపుల జాబితా వేశాడు. వాటినే హెచ్‌సీజీ 1 నుంచి 100 వరకు పిలుస్తారు. ఆయన పెట్టుకున్న నియమాలు మీకూ పనికొస్తాయి. గుంపులో కనీసం నాలుగు గెలాక్సీలు ఉండాలి. వాటి ప్రకాశాలు అన్నిటికన్నా ప్రకాశవంతమైన దానికి 3 మాగ్నిట్యూడ్ల లోపు ఉండాలి. మాగ్నిట్యూడ్ అంటే ప్రకాశాన్ని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. గుంపు చుట్టూ గీసిన వృత్తానికి మూడు రెట్ల వ్యాసార్థం దాకా ఆ స్థాయి గెలాక్సీ ఇంకోటి ఉండకూడదు. గెలాక్సీలు తగినంత చిక్కగా కూడా ఉండాలి.

మొదటిసారికి హెచ్‌సీజీ 62 తీసుకోండి. కన్యా రాశిలో ఉంది, సభ్యుల వేగాలు కొలిచి ఉన్నాయి, ఎక్స్‌రే సమాచారమూ ఉంది. ఆ ఎక్స్‌రే సంగతి చివర్లో మనల్ని కాపాడుతుంది.

అందంగా ఉందని స్టీఫెన్స్ క్వింటెట్‌తో, అంటే హెచ్‌సీజీ 92తో, మొదలుపెట్టకండి. 2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తొలి చిత్రాల్లో ఒకటిగా వచ్చింది కాబట్టి అందరూ దాని మీదే పడతారు. దాని సంగతి మూడో మెట్టులో.

2. స్థానాలు, వేగాలు రాసుకోండి

నెడ్‌లో గుంపు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, సభ్యులను ఒక్కొక్కటిగా తెరవండి. ప్రతి గెలాక్సీకీ నాలుగు అంకెలు షీట్‌లోకి ఎక్కించండి: రైట్ అసెన్షన్, డెక్లినేషన్ (ఆకాశంలో రేఖాంశం, అక్షాంశం లాంటివి), సూర్యుడి నుంచి చూసిన వేగం, కేఎస్ బ్యాండ్ (పరారుణ కాంతి) మాగ్నిట్యూడ్.

హెచ్‌సీజీ 62కి హిక్సన్ బృందం 1992లో ప్రచురించిన వేగాలు ఇవి. సెకనుకు కిలోమీటర్లలో: ఎ 4355, బి 3651, సి 4359, డి 4123. మీరు తెరిచినప్పుడు నెడ్‌లో వేరే అంకెలు కనిపించవచ్చు, తర్వాతి కొలతలు చేరుతుంటాయి మరి. కంగారు పడకండి. కానీ ఒక గెలాక్సీకి ఒక పట్టిక నుంచి, ఇంకోదానికి ఇంకో పట్టిక నుంచి తీసి కలపకండి. మొదట నా అంకెలతో లెక్క పూర్తి చేసి, జవాబులు నాతో సరిపోయాక కొత్త అంకెలు పెట్టండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఫొటోమెట్రిక్ రెడ్‌షిఫ్ట్ వాడటం. దూరంగా పోయే గెలాక్సీ వెలుగు ఎరుపు వైపు జరగడమే రెడ్‌షిఫ్ట్, వేగం దాని నుంచే తెలుస్తుంది. అది రెండు రకాలు. వర్ణపటం తీసి కొలిచింది ఒకటి, రంగులు చూసి అంచనా వేసింది ఇంకోటి. రంగుల అంచనాలో 0.01 తేడా మామూలే. 0.01 అంటే సెకనుకు 3000 కిలోమీటర్లు. గుంపులో గెలాక్సీల మధ్య మనం వెతుకుతున్న తేడా 300. లారీలను తూచే వేబ్రిడ్జి మీద బంగారం తూచినట్టు అవుతుంది. వర్ణపటం ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఆ గెలాక్సీని వదిలేయండి.

ఇంకో చిక్కు పేర్లది. ఈ గుంపులో ఎన్‌జీసీ (గెలాక్సీల పాత జాబితా ఒకటి) నంబర్లు పాత పుస్తకాల్లో ఒక రకంగా, కొత్త పట్టికల్లో ఒక రకంగా ఉంటాయి. పేరును నమ్మకండి, స్థానాన్ని నమ్మండి. ఆ స్థానాన్ని అలాదిన్ లైట్‌లో పెట్టి గెలాక్సీ నిజంగా అక్కడ ఉందో లేదో కంటితో చూసుకోండి.

3. ఎవరు మనవాళ్ళో, ఎవరు దారిన పోయేవాళ్ళో తేల్చండి

నిదానంగా చేయాల్సిన మెట్టు ఇదే. ఆకాశంలో పక్కపక్కన కనిపించినంత మాత్రాన గెలాక్సీలు పక్కపక్కన ఉన్నట్టు కాదు. ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఫొటో తీస్తే బుద్ధుడి విగ్రహం పక్కనే అవతలి ఒడ్డు బిల్డింగ్ ఉన్నట్టు పడుతుంది కదా, అదే సంగతి.

పని చేసే నియమం ఇది: గుంపు మధ్యస్థ వేగానికి అటూ ఇటూ సెకనుకు 1000 కిలోమీటర్ల లోపు ఉన్నవి ఉంచండి, మిగతావి తీసేయండి. సగటు కాదు, మధ్యస్థం. సగటును ఒక్క దూరపు చుట్టం లాగేస్తాడు. హిక్సన్ బృందం ఈ కొలబద్దే వాడింది. 100 గుంపుల్లో 92కి మాత్రమే కనీసం ముగ్గురు నిజమైన సభ్యులు తేలారు.

ఈ నియమం ఎందుకో అనుభవంలోకి రావాలంటే స్టీఫెన్స్ క్వింటెట్‌తో ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎడ్వర్డ్ స్టీఫెన్ 1877లో దీన్ని కనిపెట్టాడు. ఐదు గెలాక్సీల వేగాలు దాదాపుగా ఇవి: 6600, 6630, 5770, 6750, 790. ఆ ఐదోది ఎన్‌జీసీ 7320. అది మనకు బాగా దగ్గర్లో ఉన్న గెలాక్సీ, మిగతా నాలుగింటికీ దానికీ సంబంధం లేదు. ఐదింటి క్రమ విచలనం (వేగాలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్) వేస్తే సుమారు 2555 వస్తుంది. దాన్ని తీసేసి నాలుగింటికి వేస్తే 450. ద్రవ్యరాశి విచలనం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఒక్క పరాయి గెలాక్సీ వల్ల మీ తూకం 32 రెట్లు పెరిగిపోయింది! అంత డార్క్ మ్యాటర్ దొరికిందని సంబరపడిపోయిన వాళ్ళను నేను చూశాను.

ఆ నాలుగూ తేలాక కూడా అది మంచి గుంపు కాదు. 5770తో వచ్చేది గుంపులోకి సెకనుకు 800-900 కిలోమీటర్ల తేడాతో దూసుకొస్తోంది. మన సూత్రం చాలాకాలంగా సర్దుకుని తిరుగుతున్న గుంపులకు పనికొస్తుంది, ఢీకొట్టుకుంటున్న వాటికి కాదు. అందుకే దాన్ని మొదట ముట్టుకోవద్దన్నాను.

4. వేగాల విచలనం

షీట్‌లో స్టాండర్డ్ డీవియేషన్ ఫంక్షన్లు రెండు కనిపిస్తాయి. చివర ఎస్ ఉన్నది వాడండి. చివర పి ఉన్నది మొత్తం జనాభా మీ చేతిలో ఉన్నప్పటి కోసం. మన చేతిలో ఉన్నది నాలుగు గెలాక్సీల నమూనా మాత్రమే.

హెచ్‌సీజీ 62కి సగటు 4122 రావాలి. ఎస్ తో విచలనం 333. పి తో 288 వస్తుంది. 288 అంకె మీకు పాత పట్టికల్లో కనిపిస్తే ఆశ్చర్యపోకండి, వాళ్ళు అలా వేశారు. మీ షీట్‌లో ఈ రెండూ రాకపోతే అంకెల్లో ఎక్కడో కామా తప్పిపోయింది, వెనక్కి వెళ్ళండి.

5. దూరం, విడివిడి దూరాలు

సగటు వేగాన్ని 70తో భాగించండి. ఈ 70 విశ్వం వ్యాపించే రేటు, హబుల్ స్థిరాంకం. 4122ని భాగిస్తే సుమారు 59 మెగాపార్సెక్‌లు, అంటే 19 కోట్ల కాంతి సంవత్సరాలు. ఈ దూరంలో ఆకాశంలో ఒక ఆర్క్‌మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే అక్కడ 17 కిలోపార్సెక్‌లు. కిలోపార్సెక్ మెగాపార్సెక్‌లో వెయ్యో వంతు.

ఇప్పుడు ప్రతి జంటకూ మధ్య దూరం కట్టాలి. నాలుగు గెలాక్సీలకు ఆరు జంటలు. రైట్ అసెన్షన్ తేడాను డెక్లినేషన్ కొసైన్‌తో గుణించి, డెక్లినేషన్ తేడాతో కలిపి పైథాగరస్ సూత్రం వేయండి. ఇక్కడ మూడు గుంటలు ఉన్నాయి.

రైట్ అసెన్షన్ గంటల్లో ఉంటే 15తో గుణించి డిగ్రీలు చేయాలి. ఎక్సెల్‌కు కొసైన్ కావాలంటే రేడియన్లు ఇవ్వాలి, డిగ్రీలు ఇస్తే నోరెత్తకుండా తప్పు జవాబు చెబుతుంది. మూడోది కొసైన్‌నే మరచిపోవడం. హెచ్‌సీజీ 62లో మరచిపోయినా తేడా తెలియదు, ఎందుకంటే అది ఖగోళ మధ్యరేఖకు దగ్గర. నేను అలాగే మరచిపోయి, లెక్క సరిగ్గా వచ్చిందని ధీమాగా అదే షీట్‌లో ఎన్‌జీసీ 2300 గుంపు పెట్టాను. అది ధ్రువ నక్షత్రానికి దగ్గర, డెక్లినేషన్ 85 డిగ్రీల పైన. అక్కడ కొసైన్ విలువ 0.075. తూర్పు పడమర దూరాలన్నీ 13 రెట్లు సాగిపోయాయి. రెండు రాత్రులు తల పట్టుకున్నాక గానీ తెలియలేదు.

ఆరు దూరాలు వచ్చాక మామూలు సగటు వేయకండి. హరాత్మక మధ్యమం వేయండి: ఆరు దూరాల విలోమాల సగటు తీసి, దాన్ని మళ్ళీ తిరగేయాలి. దగ్గరగా ఉన్న జంటల మధ్య ఆకర్షణ ఎక్కువ కాబట్టి వాటి మాట ఎక్కువ చెల్లాలి. ఇది చేతకాకపోతే మధ్యస్థ దూరం వాడండి, అంకె పెద్దదవుతుంది. ఏది వాడారో మాత్రం రాసుకోండి.

6. తూకం

ఒకే ఒక్క గుణకారం. ద్రవ్యరాశి సూర్యుల్లో ఎంతంటే: 22 లక్షలు × విచలనం వర్గం × హరాత్మక దూరం. విచలనం సెకనుకు కిలోమీటర్లలో, దూరం కిలోపార్సెక్‌లలో ఉండాలి. ఆ 22 లక్షలు ఎక్కడిదంటే, 3ని π (పై)తో గుణించి న్యూటన్ స్థిరాంకంతో భాగిస్తే ఈ ప్రమాణాల్లో వచ్చేది అంత. ప్రమాణాలు మారిస్తే అంకె మారుతుంది.

ఉదాహరణకు దూరం 30 పెట్టి చూద్దాం. 22 లక్షలు × 333 వర్గం × 30 చేస్తే సుమారు 7.3 లక్షల కోట్లు. ఇన్ని సూర్యుల బరువు. మీ జంటల నుంచి మీకు వచ్చిన దూరం పెడితే మీ అంకె వస్తుంది. 7,300 లక్షల కోట్లో, 730 కోట్లో వస్తే మెగాపార్సెక్‌లకూ కిలోపార్సెక్‌లకూ ఎక్కడో తేడా కొట్టింది.

7. వెలుగును తూకం వేయండి

కేఎస్ బ్యాండ్ ఎందుకంటే, పాత నక్షత్రాల బరువును అది బాగా చూపిస్తుంది, ధూళి అడ్డం పెద్దగా ఉండదు. గెలాక్సీ మాగ్నిట్యూడ్ నుంచి 33.85 తీసేయండి, 59 మెగాపార్సెక్‌లకు ఆ సవరణ అంత. వచ్చిన దాన్ని 3.27 నుంచి తీసేసి, 0.4తో గుణించి, 10ని ఆ ఘాతానికి పెంచండి. మాగ్నిట్యూడ్ 9 ఉన్న గెలాక్సీకి 17,700 కోట్ల సూర్యుల వెలుగు వస్తుంది. దాన్ని 0.8తో గుణిస్తే నక్షత్రాల బరువు, ఉజ్జాయింపుగా 14,000 కోట్లు. 0.8కి బదులు 0.6 అన్నా, 1 అన్నా నేను గొడవ పడను.

మాగ్నిట్యూడ్లను నేరుగా కూడకండి. ఒక్కొక్కదాన్నీ వెలుగుగా మార్చి, ఆ తర్వాతే కూడాలి.

నాలుగూ కలిపి 40,000 కోట్లు వచ్చిందనుకుందాం. 7.3 లక్షల కోట్లను దీంతో భాగిస్తే 18. నక్షత్రాలు ఒక వంతు ఉంటే, గుంపును పట్టి ఉంచడానికి 18 వంతులు కావాలి.

ఇక్కడితో ఆగి వాట్సాప్ స్టేటస్ పెట్టేయకండి. అసలు పని ఇప్పుడే మొదలు.

8. లెక్కను మీరే పడగొట్టి చూడండి

మొదటి పరీక్ష: ఒక్కొక్క గెలాక్సీనీ తీసేసి మళ్ళీ విచలనం వేయండి. హెచ్‌సీజీ 62లో బి తీసేస్తే మిగిలిన మూడింటి విచలనం 135కి పడిపోతుంది. ద్రవ్యరాశి ఆరో వంతుకు దిగుతుంది. 18 వంతులు అన్నది 3 అయిపోయింది! అంటే మన డార్క్ మ్యాటర్ అంతా ఒక్క గెలాక్సీ వేగం మీద వేలాడుతోంది. 470 కిలోమీటర్ల తేడాతో ఉన్న ఆ బి నిజంగా గుంపులోదా, లేక దారిన పోయేదా? మూడో మెట్టు నియమం ప్రకారం అది లోపలే ఉంది. కానీ నియమాలు మనం పెట్టుకున్నవే కదా.

రెండో పరీక్ష: నాలుగు గెలాక్సీలను ఎంత నమ్మవచ్చో షీట్‌నే అడగండి. సగటు సున్నా, విచలనం 300 ఉండేలా నాలుగు యాదృచ్ఛిక అంకెలు పుట్టించి, వాటి విచలనం వేయండి. ఎఫ్9 నొక్కుతూ పోండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు జవాబు 100కూ 480కీ మధ్య ఎక్కడైనా పడుతుంది. అసలు విలువ 300 అని మీకు తెలుసు, అయినా నలుగురు సాక్షులు ఇంత తేడాగా చెబుతారు. వర్గం చేస్తే ఒక చివరకూ ఇంకో చివరకూ 23 రెట్ల తేడా. ఈ ఎఫ్9 పరీక్ష చేయకుండా ఎవరైనా చిన్న గుంపు బరువును దశాంశాలతో సహా చెబితే నమ్మకండి.

మరి ఏం చేయాలి? రెండు దారులు ఉన్నాయి. ఎక్కువ మంది సభ్యులను వెతకడం ఒకటి. హెచ్‌సీజీ 62 చుట్టూ చిన్నా చితకా గెలాక్సీలు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటి వేగాలు కొలిచినవాళ్ళకు విచలనం 380 చుట్టుపక్కల వచ్చింది. నెడ్‌లో స్థానం చుట్టూ వెతికే సౌకర్యంతో మీరూ ఇది చేయవచ్చు. వర్ణపటం ఉన్న గెలాక్సీలను మాత్రం ఏరుకోవాలి.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం. వేగాలతో సంబంధం లేని ఇంకో సాక్షిని పిలవడం. ఆ సాక్షి వేడి వాయువు.

9. వాయువును అడగండి

1990లో ప్రయోగించిన రోసాట్ అనే ఎక్స్‌రే ఉపగ్రహం వచ్చేదాకా, చిన్న గుంపుల్లో గెలాక్సీల మధ్య ఖాళీలో ఏముందో సరిగ్గా తెలియదు. 1993లో మల్చే బృందం ఎన్‌జీసీ 2300 గుంపు మధ్యలో కోటి డిగ్రీల వేడితో వెలుగుతున్న వాయువును చూపించింది. అదే ఏడాది పాన్‌మన్, బెర్ట్రామ్ హెచ్‌సీజీ 62లో చూపించారు. అంత వేడి వాయువు పారిపోకుండా ఉండాలంటే గట్టి గురుత్వాకర్షణ కావాలి, గెలాక్సీల బరువు ఒక్కటే దానికి చాలదు. చిన్న గుంపుల్లోనూ డార్క్ మ్యాటర్ ఉందన్న వాదనకు అప్పుడు గట్టి ఊతం దొరికింది.

మీరు ఎక్స్‌రే డేటా విప్పక్కర్లేదు. ప్రచురించిన ఉష్ణోగ్రత చాలు. సూత్రం: విచలనం వర్గం × 73 = ఎదురుచూడాల్సిన ఉష్ణోగ్రత, కెల్విన్‌లలో. వాయు కణాలూ గెలాక్సీలూ ఒకే గురుత్వాకర్షణ గోతిలో తిరుగుతుంటే రెండింటి వేగాలూ దాదాపు పోలి ఉండాలన్నదే దీని వెనక ఆలోచన.

మూడు విచలనాలనూ ఇందులో పెట్టండి. 135 పెడితే 13 లక్షల డిగ్రీలు. 333 పెడితే 80 లక్షలు. 380 పెడితే కోటీ 5 లక్షలు. హెచ్‌సీజీ 62 వాయువు కొలిచిన ఉష్ణోగ్రత కోటి డిగ్రీల పైచిలుకు. బి గెలాక్సీని తీసేసిన లెక్క వాయువుతో బొత్తిగా పొసగదు. ఎక్కువ మంది సభ్యులతో చేసిన లెక్క చక్కగా కలుస్తుంది. బి మనవాడే అని, పెద్ద బరువు నిజమే అని రెండో సాక్షి చెప్పినట్టు. నా మట్టుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఒళ్ళు జలదరించే చోటు ఇదే.

అయితే వాయువు కూడా సత్యహరిశ్చంద్రుడు కాదు. ఎన్‌జీసీ 2300 విషయంలో మొదట వాయువు తక్కువగా, డార్క్ మ్యాటర్ వాటా చాలా ఎక్కువగా లెక్క తేలింది. అదే డేటాను తిరిగి చూసినవాళ్ళు, నేపథ్యపు ఎక్స్‌రే వెలుగును తీసేసే పద్ధతి మార్చి, ఇంకా బయటిదాకా వెళ్ళి కొలిస్తే వాయువు వాటా బాగా పెరుగుతుందని చూపించారు. సంచీతో సహా కూరగాయలు తూచి, తర్వాత సంచీ బరువు తీసేస్తాం కదా. ఆ సంచీ బరువు తప్పు పట్టుకుంటే కూర బరువూ తప్పే. కాబట్టి మీ 18 వంతుల్లో అంతా డార్క్ మ్యాటర్ అని రాయకండి. "నక్షత్రాలు కానిది" అని రాయండి. అందులో వాయువు ఒక భాగం, మిగిలింది డార్క్ మ్యాటర్.

తరచూ వచ్చే సందేహాలు

నిష్పత్తి 2 వచ్చింది, డార్క్ మ్యాటర్ లేనట్టేనా? కాదు. సభ్యులందరూ మన చూపు దిశకు అడ్డంగా కదులుతుంటే మనకు వేగం తేడా కనిపించదు. మనం కొలిచేది మన వైపు వచ్చే, పోయే వేగం మాత్రమే. ఇంకో గుంపు చేయండి.

నిష్పత్తి 500 వచ్చింది? మూడో మెట్టుకు వెళ్ళండి. లోపల పరాయివాడు ఉన్నాడు.

ఎన్ని గుంపులు చేయాలి? ఒక్కటి చేస్తే ఏమీ తేలదు. పది చేసి మధ్యస్థం చూడండి, అప్పుడు ఒక్కొక్క గుంపులోని అదృష్ట దురదృష్టాలు కొట్టుకుపోతాయి.

డార్క్ మ్యాటర్ దేనితో తయారైందో ఇందులో తెలుస్తుందా? తెలియదు. బరువు తెలుస్తుంది, సరుకు ఏమిటో తెలియదు.

ఒక్కసారైనా కళ్ళతో చూడాలని ఉంది? అయితే మార్చి, ఏప్రిల్‌లలో అమావాస్యకు దగ్గరి రాత్రి వికారాబాద్ దగ్గర అనంతగిరి వైపు వెళ్ళండి. సింహరాశి మనకు దాదాపు నడినెత్తికి వస్తుంది. అందులో ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628 అనే మూడు గెలాక్సీలు ఒకేచోట ఉంటాయి, సుమారు మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. ఆరు అంగుళాల టెలిస్కోప్‌లో మొదటి రెండూ పొగమరకల్లా కనిపిస్తాయి, మూడోదానికి కాస్త ఓపిక కావాలి. బయలుదేరే ముందు ఇంట్లో వాటి విచలనం వేసుకోండి: 807, 727, 843. సుమారు 59 రావాలి. మూడే గెలాక్సీలు కాబట్టి బరువు జోలికి పోవద్దు. అక్కడికి చేరాక కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఈలోగా ఎవరూ ఫోన్ తెరవకుండా చూసుకోండి. అన్నిటికన్నా కష్టమైన మెట్టు అదే.